బోధిసిరి మీద నా మొదటి పేపర్‌కి ‘రివైజ్ అండ్ రీసబ్మిట్’ అని వచ్చింది. రిజెక్ట్ చేసినట్టేనా?

సాగర్‌తీరం:

అందరికీ నమస్కారం. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. మాది మాచర్ల దగ్గర. మా ఇంట్లో ఇంతదాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే. ఇలాంటివి అడుగుదామంటే చుట్టుపక్కల ఎవరూ లేరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

నాగార్జునకొండ శాసనాల్లో దానాలు చేసిన స్త్రీల మీద నా థీసిస్. అందులోంచి ఒక్క బోధిసిరి శాసనాన్ని తీసుకుని పేపర్ రాశాను. నహరాళ్లబోడు గుట్ట మీద, వెనకవైపు గుండ్రంగా ఉండే చైత్యగృహంలో (బౌద్ధుల పూజామందిరంలో), నేల మీదే చెక్కిన శాసనం అది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 14వ సంవత్సరం నాటిది. చాంతిసిరి రాజకుటుంబం మనిషి, బోధిసిరి అలా కాదు. గోవగామం ఊరి ఉపాసిక, అంటే సన్యాసం తీసుకోని బౌద్ధ భక్తురాలు. ఆమె ఇచ్చినవి వరసగా చదువుకుంటూ పోతే నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది. చులధమ్మగిరి మీద చైత్యగృహం, సీహళ విహారంలో బోధివృక్షానికి గుడి, ఒకచోట చెరువు, ఒకచోట ధ్యానం చేసుకునే శాల, ఒకచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, కంటకసేలలో మహాచైత్యం (పెద్ద స్తూపం) తూర్పు వాకిట రాతి మంటపం. కంటకసేల అంటే మన ఘంటసాలే. ఎక్కడి శ్రీపర్వతం (నాగార్జునకొండ పాత పేరు), ఎక్కడి ఘంటసాల! ఈమె గురించి రాణుల దానాల మధ్యలో ఒక పేరాగా చెప్పి వదిలేస్తుంటారు. ఈమె ఒక్కతి మీదే పేపర్ రాయాలని ఎంఏ రోజుల నుంచీ నా కోరిక.

బౌద్ధ అధ్యయనాల జర్నల్ ఒకదానికి, విదేశాలది, ఆన్‌లైన్‌లో పంపాను. ‘అందింది’ అని ఒక ఆటోమేటిక్ మెయిల్ వచ్చింది, ఆ తర్వాత ఏడు నెలలు ఏ కబురూ లేదు. పోయిన మంగళవారం రాత్రి, సవరించి మళ్లీ పంపమని మెయిల్ వచ్చింది. మొదటి రివ్యూయర్ పేజీ లోపే రాశారు, బాగుందన్నారు. రెండో రివ్యూయర్ నాలుగు పేజీలు రాశారు. చదువుతుంటే చేతులు వణికాయి. ఆయన, లేదా ఆమె, అన్నవాటిలో ముఖ్యమైనవి ఇవీ:

శాసన పాఠాన్ని 1929–30 ఎపిగ్రాఫియా ఇండికాలో (శాసనాలు అచ్చువేసే పత్రిక) ఫోగెల్ అనే పండితుడు ఇచ్చిన దాని నుంచే తీసుకున్నాను, ఆ తర్వాత వచ్చిన పాఠాలు చూడలేదు. ‘కశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, యవన దేశాల నుంచి భిక్షువులు ఇక్కడికి వచ్చారు’ అని రాశాను, శాసనం అలా అనడం లేదు. కంటకసేలే ఘంటసాల అన్నదానికి ఆధారం చూపలేదు కాబట్టి ఆ సెక్షన్ తీసేయాలి. బోధిసిరిని ‘సామాన్య స్త్రీ’ అన్నాను, అదే శాసనంలో కొఠాకారిక, అంటే కొఠారు అధికారి, పేరు కూడా ఉంటే ఆ మాట ఎలా అంటారు? ఇక్ష్వాకుల చరిత్ర తొమ్మిది పేజీలు నడిచాక గానీ బోధిసిరి కనిపించడం లేదు.

మళ్లీ పంపడానికి రెండు నెలలు గడువు ఇచ్చారు. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సీనియర్, ‘వాళ్లతో మనకెందుకు, మూడు వేలు కడితే పది రోజుల్లో వేసే జర్నల్ ఉంది’ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది మర్యాదగా రిజెక్ట్ చేయడమేనా? రెండో రివ్యూయర్ చెప్పినవన్నీ ఒప్పుకోవాలా? వాళ్లకు నేరుగా మెయిల్ రాయొచ్చా? ఈలోగా వేరే జర్నల్‌కు పంపితే తప్పా?

ధాన్యకటకం:

అమ్మా, ముందు కడుపునిండా తిని నిద్రపో. ఇది రిజెక్ట్ కాదు. ఎడిటర్‌కి నీ పేపర్ వద్దనుకుంటే రెండు నెలల గడువు ఇవ్వరు, రెండు లైన్లలో ‘క్షమించండి’ అని పంపేస్తారు. అలాంటివి నాకు వచ్చాయి, అందుకే చెబుతున్నాను. డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా చరిత్ర చెబుతున్నాను. నీ ప్రశ్న చూడగానే నా మొదటి పేపర్ గుర్తొచ్చింది.

అది రివ్యూయర్ల దాకా పోనే లేదు. తొమ్మిదో రోజున వెనక్కి వచ్చింది. కారణాలు రెండు. ఒకటి, పేరు తీసేసి పంపమని వాళ్లు రాసినా నేను మొదటి పేజీలో మాత్రమే తీసేశాను. ఫుట్‌నోట్‌లో ‘నా ఎంఫిల్ పరిశోధనలో చూపినట్టు’ అని అలాగే ఉండిపోయింది, ఫైల్ ప్రాపర్టీస్‌లో నా పేరూ ఉంది. ఇలాంటి జర్నళ్లలో రచయిత ఎవరో రివ్యూయర్‌కి తెలియకూడదు, రివ్యూయర్ ఎవరో రచయితకు తెలియకూడదు. రెండోది ఫాంట్. పాత ఫాంట్‌లో టైప్ చేసిన పాళీ, ప్రాకృత పదాలు వాళ్ల కంప్యూటర్‌లో డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. దీర్ఘాలకు గీతలు, అక్షరాల కింద చుక్కలు అన్నీ యూనికోడ్‌లోనే ఉండాలి. నీది ఆ గడప దాటి ఇద్దరు పండితుల చేతికి వెళ్లింది. అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ నాలుగు పేజీల గురించి. నా రెండో పేపర్ జగ్గయ్యపేట, నాగార్జునకొండ ఆయక స్తంభాల మీద, అంటే స్తూపానికి నాలుగు వైపులా ముందుకు వచ్చిన అరుగుల మీద ఐదేసి చొప్పున నిలబెట్టే రాతి స్తంభాల మీద. అందులో ఒక వాక్యం రాశాను: ‘ఈ ఐదు స్తంభాలు బుద్ధుడి జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, మొదటి ధర్మోపదేశం, పరినిర్వాణాలకు ప్రతీకలు.’ ఫుట్‌నోట్ పెట్టలేదు. పెట్టాలని తోచనే లేదు. చిన్నప్పుడు పాఠంలో చదివాను, డిగ్రీలో చదివాను, నేనే పిల్లలకు పదేళ్లు చెప్పాను. రివ్యూయర్ ఆ వాక్యం పక్కన ఒక్క ప్రశ్న రాశారు: ‘ఈ మాట శాసనాల్లో ఎక్కడుంది?’

చాలా కోపం వచ్చింది. అందరికీ తెలిసిన సంగతికి ఆధారం అడుగుతారేమిటి అనుకున్నాను. ఆ కోపంతోనే శాసనాలు ముందేసుకుని కూర్చున్నాను. జగ్గయ్యపేట శాసనం తీశాను. వీరపురుషదత్తుడి 20వ సంవత్సరంలో సిధథ అనే పనివాడు మహాచైత్యం తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. తండ్రి ఎవరో ఉంది, తనవాళ్ల ప్రస్తావన ఉంది, సమస్త ప్రాణుల హితం కోసం, సుఖం కోసం అని ఉంది. ఐదు ఘట్టాల మాట లేదు. నాగార్జునకొండ మహాచైత్యం స్తంభాలు ఒక్కొక్కటే చదివాను. ఎవరి కూతురు, ఎవరి భార్య, ఎవరి చెల్లెలు, ఏ ఏడు, ఏ పక్షం, ఏ రోజు, ఎవరి పుణ్యం కోసం, ఇవన్నీ ఉన్నాయి. ఆ ఐదు ఘట్టాలు మాత్రం నేను చదివిన ఏ స్తంభం మీదా కనిపించలేదు. అది మన కాలపు పండితులు ఇచ్చిన వివరణ. ఆ వివరణ సరైనదే కావచ్చు. కానీ రాతి మీద ఉన్నది వేరు, రాతి గురించి మనం అనుకున్నది వేరు. మూడు వారాలు పట్టింది నాకు ఈ తేడా కళ్లారా చూడటానికి. పేపర్‌లో ఆ ఒక్క వాక్యం మూడు వాక్యాలైంది. ఆ తర్వాత క్లాసులో కూడా అలాగే చెబుతున్నాను.

నీ ‘దేశాల నుంచి వచ్చారు’ అన్నదీ అచ్చం ఇలాంటిదే. మన పుస్తకాల్లో, టూరిజం బోర్డుల మీద చూసీ చూసీ మన నోటికి వచ్చేసింది. శాసనంలో ఆ దేశాల పేర్ల చివర ఏ పదం ఉందో ఒకసారి చూడు. ‘పసాదకానం’. ప్రసాదం అంటే ఇక్కడ ప్రసన్నత, శ్రద్ధ. ఆ దేశాలకు బుద్ధధర్మం మీద శ్రద్ధ కలిగించిన ఆచార్యులు అని అర్థం. తామ్రపర్ణి (సింహళ) థేరియ శాఖ ఆచార్యులను అలా పొగుడుతున్నారు, వాళ్ల కోసం ఆ చైత్యగృహం ఇచ్చారు. కశ్మీరం నుంచి, చీనా నుంచి జనం దిగారని అక్కడ లేదు. రెండో రివ్యూయర్ నీ ప్రాకృతం పదం పదం పట్టుకుని చదివారన్నమాట. అలా చదివే మనిషి దొరకడం అదృష్టం, నిజంగా అంటున్నాను.

పాఠం విషయంలో కూడా వాళ్లు చెప్పింది న్యాయమే. ఫోగెల్ పాఠం గొప్పదే, మనమంతా అక్కడే మొదలుపెట్టాం. కానీ ఆన్‌లైన్‌లో ‘ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ’ అని మన ప్రాంతపు తొలి శాసనాల సంకలనం ఉచితంగా ఉంది. ఆర్లో గ్రిఫిత్స్, వాంసాఁ తుర్నియే వంటివాళ్లు కలిసి చేసిన పని అది. ప్రతి శాసనానికీ ఒక నంబర్ ఉంటుంది, ఎవరు ఎక్కడ ఏ అక్షరం వేరుగా చదివారో కింద ఇస్తారు. నీ పేపర్‌లో ఆ నంబర్ ఉండి తీరాలి. ఫోగెల్ పాఠం ఒక కాగితం మీద, ఇది ఒక కాగితం మీద పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చు. తేడాలుంటే నువ్వు ఏది తీసుకున్నావో, ఎందుకో రాయి.

అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఘంటసాల సెక్షన్ తీసేయొద్దు. నీ వాదనకు ప్రాణం అక్కడే ఉంది. వాళ్లు అడిగింది ఆధారం. ఆ ఊరు మనకు తెలుసు, లైడెన్‌లోనో టోక్యోలోనో కూర్చున్నవాళ్లకు తెలియాలని లేదు కదా. టాలెమీ చెప్పిన కొంటకొస్సిల రేవు ఉంది, ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో కంటకసోల అన్న రూపంలో ఆ పేరు ఉంది. రెండూ రాసి, ‘అందువల్ల ఈ భాగాన్ని ఉంచుతున్నాను’ అని చెప్పు. ‘సామాన్య స్త్రీ’ మాత్రం వదులుకో. ‘రాజకుటుంబానికి చెందని’ అంటే సరిపోతుంది. కొఠారు దాకా పలుకుబడి ఉన్న ఇల్లు అంటే నీ వాదన ఇంకా గట్టిపడుతుంది, రాజుల ఖజానాతో పని లేకుండా ఇంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది.

మార్చిన పేపర్‌తో పాటు ఒక జవాబు పత్రం పంపాలి. వాళ్ల కామెంట్ ఒక్కొక్కటే పైన పెట్టి, కింద నువ్వు చేసిన మార్పు, పేజీ నంబర్‌తో. చిన్న అచ్చుతప్పు దగ్గర నుంచి ఏదీ వదలకు. ఒప్పుకోని చోట కారణం రాయి, గొంతు పెంచకు. రివ్యూయర్ ఎవరో ఊహించుకుని మెయిల్ రాయడం మాత్రం వద్దే వద్దు, మాట్లాడేది ఎడిటర్‌తోనే. ఒక జర్నల్ దగ్గర పరిశీలనలో ఉండగా ఇంకోదానికి పంపడం తప్పే. ఇక్కడ వద్దనుకుంటే వెనక్కి తీసుకుంటున్నానని రాసి, అప్పుడు పంపాలి.

మూడు వేల రూపాయల సంగతి. పది రోజుల్లో నీ పేపర్ ఎవరూ చదవరు. థీసిస్ ఇచ్చేముందు పేపర్ తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీకి సొంతంగా ఏదైనా రూల్ ఉందేమో ఆఫీసులో కనుక్కో. ఉన్నా సరే, బోధిసిరిని అలాంటి చోట పెట్టకు.

పాళీపుట:

జర్మనీలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను, మాది ఖమ్మం. ఏడాదికి నాలుగైదు పేపర్లు రివ్యూ చేస్తాను కాబట్టి అటువైపు సంగతి చెబుతాను.

ఏడు నెలలు ఎందుకు పట్టిందంటే, ఇక్ష్వాకుల కాలపు ప్రాకృతం, బౌద్ధ వినయం (భిక్షువుల నియమావళి), రెండూ తెలిసినవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. ఎడిటర్ ఒకరిని అడుగుతారు, వాళ్లు మూడు వారాలకు ‘తీరిక లేదు’ అంటారు. ఇంకొకర్ని అడుగుతారు. ఒప్పుకున్నవాళ్లు కూడా సెలవులు వచ్చాకే చదువుతారు. దీనికి మాకు డబ్బేమీ ఇవ్వరు. నాలుగు పేజీల రిపోర్ట్ రాయాలంటే కనీసం రెండు పూర్తి రోజులు కూర్చోవాలి. నచ్చని పేపర్ మీద నేనైతే అరపేజీకి మించి రాయలేను. నాలుగు పేజీలు రాశారంటే ఆ పేపర్ అచ్చులో చూడాలని ఉన్నట్టే.

ఇంకొకటి. పాళీ మూలాన్ని అనువాదం నుంచి కోట్ చేసి ఉంటే ఇప్పుడే సరిచేయండి. స్తూపం ఎవరికి కట్టాలి అన్న మహాపరినిబ్బాన సుత్త భాగాన్ని చాలామంది పాత ఇంగ్లీషు అనువాదం పేజీ నంబర్‌తో ఇస్తారు. పాళీ టెక్స్ట్ సొసైటీ ముద్రణలో దీఘ నికాయ రెండో సంపుటం, 142వ పేజీ అని ఇవ్వాలి. ఈ రంగంలో అందరూ వెతుక్కునేది ఆ నంబర్‌తోనే. నేను రివ్యూ చేసేటప్పుడు మొదట చూసేదీ అదే. అది సరిగ్గా ఉంటే, రాసినవాళ్లు మూలం తెరిచారని నమ్మకం కలుగుతుంది.

గుడివాడ మాస్టారు:

మేడమ్ చెప్పినవన్నీ సరే. నా బాధ ఒకటి ఉంది. మన శాసనాలు, మన కొండలు, మన నీళ్లలో మునిగిన లోయ. వాటి మీద తెలుగులో ఎంత పని జరిగింది! మల్లంపల్లి సోమశేఖర శర్మ గారు, బి.ఎస్.ఎల్. హనుమంతరావు గారు జీవితాలు ధారపోశారు. ఈ జర్నళ్లలో వాళ్ల తెలుగు రాతలు ఫుట్‌నోట్‌లో కూడా కనపడవు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఇంగ్లీషు వాక్యం సరిగ్గా రాకపోవడం వల్లే భయపడి ఆ మూడు వేల జర్నళ్లకు పోతున్నారు. విషయం తెలియక కాదు.

ధాన్యకటకం:

మాస్టారూ, మీ బాధ నాదీనూ. కానీ ఆ పేర్లు ఫుట్‌నోట్లలోకి రావాలంటే తెలుగు చదవగలిగిన మనమే పెట్టాలి. నా ఆయక స్తంభాల పేపర్‌లో నాలుగు తెలుగు రచనలు ఇచ్చాను, పేరు లిప్యంతరీకరణలో, పక్కన ఇంగ్లీషు అర్థంతో. ఒక్క రివ్యూయర్ కూడా వద్దనలేదు. ఒకరైతే ‘ఈ మూడోదానిలో ఏముందో రెండు వాక్యాలు రాయండి, మాకు చదవడం రాదు’ అని అడిగారు. ఆనందంగా రాశాను.

ఇంగ్లీషు గురించి కూడా. వాక్యాలు పొట్టిగా ఉంటే చాలు, అందంగా ఉండక్కర్లేదు. నేను మొదట తెలుగులోనే రాసుకుంటాను. ఈ పేరాలో నేను చెప్పేది ఏమిటి అని తెలుగులో ఒక్క వాక్యం రాయలేకపోతే, ఆ పేరా నాకే అర్థం కాలేదని తెలిసిపోతుంది.

సాగర్‌తీరం:

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. మేడమ్, మీ జవాబు మా అమ్మకు చదివి వినిపించాను.

ఈ పది రోజుల్లో చేసినవి చెబుతాను. రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టుకుని పోల్చాను. ‘పసాదకానం’ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నాలుగేళ్లుగా ఆ లైను నాకు కంఠతా వచ్చు, ఆ పదాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆదివారం విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి కొండ మీది మ్యూజియంకి వెళ్లాను. లాంచీలో కూర్చుని కింద ఉన్న లోయ గురించే ఆలోచించాను. ఇక్ష్వాకుల చరిత్ర తొమ్మిది పేజీలు రెండు పేరాలైంది. ఘంటసాల సెక్షన్ ఉంచాను, టాలెమీ, అక్కడి శాసనాలు, రెండూ చేర్చాను. సీనియర్‌కి మర్యాదగా వద్దని చెప్పాను. ఎడిటర్‌కి రాసి ఇంకో నెల గడువు అడిగితే మర్నాడే ‘అలాగే, తొందరేం లేదు’ అని జవాబు వచ్చింది.

పేపర్ ఇప్పుడు ఇలా మొదలవుతుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో ఇస్తున్నాను, ఎలా ఉందో చెప్పండి:

‘వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో గోవగామానికి చెందిన బోధిసిరి అనే ఉపాసిక, తాను కట్టించిన చైత్యగృహం నేల మీద తన దానాలన్నిటినీ చెక్కించింది. అందులో ఒకటి కృష్ణా ముఖద్వారం దగ్గర, కంటకసేలలో ఉంది.’

ధాన్యకటకం:

ఇదీ మొదలు. ఒక్క మాట కూడా కదపకు. పంపేముందు పీడీఎఫ్ తీసి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడు, ‘గోవగామ’లో గా మీద గీత పడిందో లేదో. ఫైల్ ప్రాపర్టీస్‌లో నీ పేరు తీసేశావా?